ఒక ఊపిరికి రెండు కొలతలు

ఊదే గొట్టం నోట్లో పెట్టుకునే ముందు ఓథా టాలివర్ పళ్ళసెట్టు తీసి పెళ్ళాం చేతిలో పెట్టాడు. వెర్లీన్ తెల్ల గ్లవుజు వేసుకున్న చేత్తో దాన్ని అందుకుని, రుమాల్లో చుట్టి, తెల్ల గౌను జేబులో వేసుకుంది.

ఆమె ఆసుపత్రి నర్సు కాదు, మౌంట్ నీబో అనే నల్లవాళ్ళ చర్చిలో నర్సు. ఆదివారం ఆరాధనలో ఆత్మ పూని ఎవరైనా ఊగిపోయి పడబోతే, వెనకనుంచి నడుం పట్టుకుని, తల బెంచీకి కొట్టుకోకుండా కాచుకుని, విసనకర్రతో విసిరి, తెప్పరిల్లాక మంచినీళ్ళు తాగించేది ఆ తెల్లబట్టల ఆడవాళ్ళే. ఆ ఊళ్ళో పడినవాళ్ళలో సగంమంది వెర్లీన్ చేతుల్లోనే పడ్డారు. ఒక్కరికీ తల పగల్లేదు. అందుకే యూనివర్సిటీవాళ్ళు ఊపిరితిత్తుల మీద పరిశోధన అంటూ వచ్చినప్పుడు పాస్టరుగారు ముందు ఆమెకే కబురు పెట్టాడు. "తెల్లకోట్లోళ్ళు పరిశోధన అంటే మనోళ్ళు తాతల కాలంనించీ బెదిరిన గొడ్లు. నువ్వు పక్కన నిలబడు సిస్టర్, అప్పుడు ఊదుతారు" అన్నాడు. ఆమె నిలబడింది. వాళ్ళు ఊదారు. రెండేళ్ళ కిందట ఒక విడత అయింది. ఇది రెండో విడత.

చర్చి వెనక భోజనాల హాల్లో, మడత బల్ల మీద మిషను. గోడవార కుర్చీల్లో ఇనపగొట్టాల ఫౌండ్రీలో పనిచేసి దిగిపోయిన మగవాళ్ళు. దగ్గు వంతులవారీగా తిరుగుతోంది, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటున్నారు.

ఓథాకి ముందు ఆ కుర్చీలోంచి లేచినవాడు ప్రూయిట్ అనే తెల్లాయన. ఫౌండ్రీలో ఆయన పైన క్రేన్ తోలేవాడు. ఓథా కింద అచ్చులు పగలగొట్టి కాలిన ఇసక దులిపేవాడు. ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే ఎత్తు. దుమ్ము మాత్రం కిందివాడికి ఎక్కువ. ప్రూయిట్‌కి పోయిన విడతలోనే జబ్బు బయటపడి, పరిశోధనవాళ్ళిచ్చే కొత్త మందు మింగుతున్నాడు. పోతూ పోతూ టోపీ సర్దుకుని "గట్టిగా ఊదు ఓథా" అన్నాడు. "అట్టాగే మిస్టర్ ప్రూయిట్" అన్నాడు ఓథా. క్రేన్ కింద అలవాటైన పిలుపులు, క్రేన్ దిగాక కూడా మారలేదు.

మిషను దగ్గర లూఆన్ కూర్చుంది. తెల్లామె, మంచి మనిషి. ఎవరు ఊదినా తను కూడా బుగ్గలు పూరించి, "ఇంకా, ఇంకా, ఇంకా, ఆపొద్దు బంగారూ, ఇంకా" అని వాళ్ళతోపాటు ఊదేస్తుంది. ఓథా ఊదాడు. మెడనరాలు తాళ్ళలా లేచాయి. గొట్టం వదిలేసి, మోకాళ్ళ మీద చేతులానించి, నేలకేసి చూస్తూ ఊపిరి కోసం వెతుక్కున్నాడు.

తెర మీద గీత ఎర్రగా వచ్చింది. లూఆన్ బుగ్గలు పడిపోయాయి.

"మిస్టర్ ఓథా, మీరు లేవొద్దు. అలాగే కూర్చోండి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"మెట్ల సంగతి మర్చేపోయానమ్మా. బూట్ల తాడు కట్టుకుంటేనే వస్తంది."

"డాక్టరమ్మకి ఫోన్ చేస్తా. ఇది పెద్దాసుపత్రికి పంపాల్సిందే" అంటూ ఫోన్ అందుకుని, ఇంకోసారి తెరకేసి చూసి, నుదురు కొట్టుకుంది. "అయ్యో నా మతి మండ! ప్రూయిట్‌గారిది మార్చకుండానే మీచేత ఊదించాను. పేరు మార్చాను, పుట్టినతేదీ మార్చాను, జాతి గడి మర్చిపోయాను."

వేలితో టక్కుమని నొక్కింది. ఎర్రగీత పోయి పచ్చగీత వచ్చింది.

"హమ్మయ్య. మీకిది మామూలే. నా గుండె జారిపోయిందనుకోండి" అని నిజంగానే గుండెల మీద చెయ్యేసుకుని నవ్వింది.

ఓథా పళ్ళ కోసం అరచెయ్యి చాపాడు. వెర్లీన్ ఇవ్వలేదు. తెరకేసి చూస్తోంది.

"ఆయన మళ్ళీ ఊదలేదు గదమ్మా" అంది.

"అక్కర్లేదమ్మా. ఊపిరి అదే. లెక్క వేరు."

"ఎట్టా వేరు?"

"నల్లవాళ్ళకి ఊపిరితిత్తులు కాస్త చిన్నవని మిషన్లోనే ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చూస్తుంది. మీ మేలుకేలెండి."

గోడవార దగ్గు అప్పుడే ఎందుకో ఆగింది. ఓథా చాపిన చెయ్యి అట్లాగే ఉంది. "వెర్ల్" అన్నాడు బోసినోటితో. "నా పళ్ళు."

*

మర్నాడు మధ్యాహ్నం డాక్టర్ బ్లెడ్‌సో వాళ్ళ వరండాలోకి వచ్చి కూర్చుంది. పరిశోధన నడిపేది ఆమే. పక్క కౌంటీ పిల్ల, నల్లపిల్ల. తెల్లకోటు ఎప్పుడూ కార్లోనే వదిలేసి వస్తుంది. వెర్లీన్ ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. లోపల జాలీ తలుపు అవతల ఓథా పడక్కుర్చీలో ఉన్నాడు. అతను ఒలిచిన దొప్పలు ఒక పక్క గుప్పెడే ఉన్నాయి. నాలుగు కాయలు ఒలిచి, ఆగి, పైకి చూసి, మళ్ళీ ఒలుస్తున్నాడు.

"మీరు చూసింది నిజమే మిస్ వెర్లీన్" అంది డాక్టరు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

వెర్లీన్ వేలు కాయ మధ్య ఆగింది. "తెలిసేనా, నన్నక్కడ నిలబెట్టింది?"

డాక్టరు చల్లటి టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పింది. "చదువుకునేటప్పుడు అదే పాఠం చెప్పారు, అదే రాసి పాసయ్యాను. మనవాళ్ళు బానిసలుగా ఉన్న కాలంలో దొరలు పెట్టిన మాట అది. వీళ్ళకి ఊపిరితిత్తులు పుట్టుకతోనే తక్కువ, పొలంలో వంగి పనిచేస్తేనే వీళ్ళకి ఆరోగ్యం అని. ఆ మాట పుస్తకంలోంచి పుస్తకంలోకి, అక్కణ్ణించి మిషన్లోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడిప్పుడే పెద్ద డాక్టర్లు తీసేయమంటున్నారు."

"అయితే తీసెయ్. గడే గదా. ఆ లూఆన్ ఒక్క వేలితో మార్చింది."

"పరిశోధన మధ్యలో కొలత మారిస్తే, ముందు కొలిచినవాటితో కలవదంటున్నారు మావాళ్ళు. జాతుల మధ్య సమన్యాయం అంటే ఏమిటో ముందు మావాళ్ళూ చర్చివాళ్ళూ కలిసిన కమిటీ ఒక వాక్యం ఒప్పుకోవాలి, ఆ వాక్యాన్ని బట్టి మార్పులు చేయాలి. మంగళవారం మీటింగు అందుకే. మీరూ కమిటీలో ఉన్నారు కదా."

జాలీ తలుపు అవతలనుంచి ఓథా గొంతు వచ్చింది. ముక్కలు ముక్కలుగా వచ్చింది. "దొంగ ఇంట్లో ఉండంగానే... దొంగతనమంటే ఏంటో... మీటింగు పెట్టుకుంటారంట."

డాక్టరు నవ్వలేదు. వెర్లీన్ కూడా నవ్వలేదు. ఓథా ఒక్కడే నవ్వబోయి, దగ్గులో పడ్డాడు. ఇద్దరాడవాళ్ళూ ఆ దగ్గు అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు.

"రెండేళ్ళ కిందట కూడా పచ్చగీతే వచ్చింది" అంది వెర్లీన్, దగ్గు ఆగాక. "పచ్చ వచ్చిందని మళ్ళీ పనిలోకి పోయాడు. అప్పటికే మానేద్దామనుకుంటన్నోడు. ఇంకో ఏడాదిన్నర ఆ ఇసకలో నిలబడ్డాడు. ఆ పచ్చగీత చూసి ఇంటికొచ్చి కేకు చేశాను నేను."

"సోమవారం బర్మింగ్‌హామ్‌కి పెద్దాసుపత్రికి తీసుకురండి" అంది డాక్టర్ బ్లెడ్‌సో. "వాక్యం సంగతి తరవాత. గడి తీసేసిన లెక్కతో, నా పేరు మీద పంపిస్తాను. అక్కడ నడిపించి చూస్తారు, ఫొటోలు తీస్తారు. సరిపోతే మందు పరిశోధనలో చేర్చుకుంటారు."

పడక్కుర్చీ కిర్రుమంది. ఓథా తలుపు దాకా వచ్చి, జాలీకి నుదురానించి నిలబడ్డాడు. "ప్రూయిట్ మింగే మందేనా?"

"అదే. కానీ మిస్టర్ ఓథా, పాడైందాన్ని అది బాగుచెయ్యదు. మిగిలిందాన్ని కాపాడుతుందంతే."

"మిగిలిందేగదా నాక్కావాల్సింది" అన్నాడు. ఆ పూట గిన్నెడు బఠాణీలూ అతనే ఒలిచాడు. వద్దంటే వినలేదు.

*

ఆదివారం పాటలయ్యాయి. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ పాస్టరుగారు, "సిస్టర్ వెర్లీన్ గురువారం పరీక్షల గురించి రెండు మాటలు చెబుతుంది" అన్నాడు. పక్క వరసలో తెల్లబట్టల్లో నిలబడ్డ వెర్లీన్ నోరు తెరిచింది. చేతిలోని విసనకర్రని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. ఆమె మాట కోసం జనం మెడలు తిప్పి చూస్తుంటే, నాలుగో బెంచీలోంచి ఓథా లేచాడు.

"ఆమె చెప్పదు. నేను చెబుతా" అన్నాడు. "రెండేళ్ళ కిందట నేనిక్కడే నిలబడి సాక్ష్యం చెప్పా. మీకు గుర్తుందో లేదో."

"గుర్తుంది బ్రదర్" అన్నాడు ముందు బెంచీలోంచి చర్చి పెద్ద డీకన్ హోజియా. ఆయనా ఫౌండ్రీ మనిషే.

"ఫౌండ్రీ దుమ్ములో బతుకంతా గడిపినా దేవుడు నా ఊపిరితిత్తులు పిల్లోడి ఊపిరితిత్తుల్లాగా కాపాడాడని చెప్పా. మీరంతా లేచి చప్పట్లు కొట్టారు. డీకన్ అయితే గెంతాడు."

"గెంతాను. ఇంకా నడుం నొప్పే" అన్నాడు డీకన్. నవ్వులు లేచాయి.

"ఆ సాక్ష్యం కొంచెం... సరిచెయ్యాలి." ఓథా ముందు బెంచీ వీపు పట్టుకున్నాడు. "మొన్న ఆ పిల్ల మర్చిపోయి, నన్ను తెల్లోళ్ళ గడిలో ఉంచి ఊదించింది. తెల్లోడిగా ఉన్నంతసేపూ నాకు పెద్ద జబ్బు. ఆ పిల్ల ఏడవబోయింది. పెద్దాసుపత్రికి ఫోను అందుకుంది. అంత మర్యాద నాకీ జన్మలో జరగలా." నవ్వులు ఇంకా పెరిగాయి. ఎవరో మోకాలు చరుచుకున్నారు. "అంతలోకే మళ్ళీ నల్లోణ్ణి చేసింది. చేసిందో లేదో, జబ్బు తగ్గిపోయింది. ఇంటికి పొమ్మంది."

నవ్వు ఒక్క చోట ఆగలేదు. ఒక్కొక్క బెంచీ దగ్గర ఒక్కో మాదిరిగా ఆగింది. ముందు ఆగింది ఫౌండ్రీ మగవాళ్ళ బెంచీలో. వాళ్ళందరి దగ్గరా పచ్చగీతలే ఉన్నాయి.

"కాబట్టి దేవుడికి చెప్పిన థాంక్స్... వెనక్కి తీసుకోవటం లేదు. ఇచ్చింది ఇచ్చిందే. కాకపోతే..." అని ఆగాడు. మాట కోసం ఆగాడేమో అనుకున్నారు. "కాకపోతే" అని మళ్ళీ అన్నాడు. బెంచీ పట్టుకున్న చేతివేళ్ళు సడలాయి.

వెర్లీన్ అప్పటికే వెనక ఉంది. నడుం చుట్టూ చెయ్యేసి, తల భుజానికి చేర్చుకుని, మెల్లిగా కూర్చోబెట్టి విసరడం మొదలుపెట్టింది. ఆర్గను వాయించే ఆయన, ఆత్మ దిగిందనుకున్నాడో ఏమో, అలవాటుగా రెండు మెట్లు నొక్కాడు. పాస్టరుగారు చెయ్యెత్తి ఆపించాడు.

విసనకర్ర చప్పుడొక్కటే వినపడింది.

*

సోమవారం ఆసుపత్రిలో వేచి ఉండే గదిలో ప్రూయిట్ కనపడ్డాడు. నెలనెలా చూపించుకోడానికి వచ్చాడు. ఓథాని చూసి లేచి, తన కుర్చీ అతనికిచ్చి, పక్కన నిలబడ్డాడు. "నిన్నెందుకు చేర్చుకోలేదు ఓథా? నాకంటే నువ్వే ఎక్కువ దుమ్ములో ఉన్నావు గదా" అన్నాడు.

"నావి మంచి ఊపిరితిత్తులంట మిస్టర్ ప్రూయిట్."

ప్రూయిట్ టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు. "నా పేరు లైల్" అన్నాడు చివరికి.

"తెలుసు. నీ క్రేన్ మీద రాసుండేది."

పొడవాటి నడవలో నడిపించారు. వేలికి ప్రాణవాయువు కొలిచే క్లిప్పు పెట్టి, దాని మీటరు పట్టుకుని ఒక పిల్ల పక్కనే నడిచింది. మీ ఇష్టమొచ్చినంత మెల్లగా నడవండి అంది. ఓథా మెల్లగా నడవలేదు. చొక్కా లోపలికి దోపుకుని, గడ్డం ఎత్తి, పనిలోకి కొత్తగా చేరడానికొచ్చిన కుర్రాడిలా నడిచాడు. వెర్లీన్‌కి అర్థమైంది. మేస్త్రీకి కనపడేట్టు నడుస్తున్నాడు. పని దొరకాలంటే అట్లా నడవాలని ఎప్పుడో నేర్చుకున్నాడు. నడవ మలుపు ఇంకా తిరగనేలేదు, ఆ పిల్ల మీటరు చూసి, "చాలు సార్, ఆగండి, ఆగండి" అంది. "ఇంకా నడవగలను" అన్నాడు. పెదాలు బూడిదరంగులోకి తిరిగాయి. చక్రాల కుర్చీ తెచ్చారు.

సాయంత్రం ఊపిరితిత్తుల డాక్టరు తెర మీద ఫొటోలు చూపించాడు. తేనెపట్టులా గదులు గదులుగా ఉంది లోపలంతా. ఆయన మంచిగానే మాట్లాడాడు, తొందరపడలేదు. ఊదిన లెక్క సరిపోయిందన్నాడు. ఆ లెక్కతో ఎప్పుడొచ్చినా మొదటి గుమ్మం దాటేవారన్నాడు. కానీ నడకలో ప్రాణవాయువు ఇంత పడిపోయేవాళ్ళని మందు పరిశోధనలో చేర్చుకోరు. బయట దొరికే మందులూ ఈ దశలో పెద్దగా చేసేదేమీ ఉండదు. ఇంటికి ఆక్సిజన్ పంపిస్తామన్నాడు.

"రెండేళ్ళ కిందట వచ్చుంటే?" అని వెర్లీన్ అడిగింది.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "అప్పుడు చేర్చుకునేవాళ్ళం" అన్నాడు.

ఓథా ఫొటోకేసి చూస్తున్నాడు. "తేనె మాత్రం లేదు" అన్నాడు. డాక్టరుకి వినపడలేదు. వెర్లీన్‌కి వినపడింది. అతని చొక్కా అంచు ప్యాంటులోంచి బయటికొస్తే, మళ్ళీ లోపలికి దోపింది.

*

మంగళవారం సందెవేళ చర్చి వెనక హాల్లో కమిటీ కూర్చుంది. వెర్లీన్ నీలం గౌను వేసుకుని వచ్చింది. ఓథా మెట్లెక్కలేనని ట్రక్కులోనే ఉండిపోయాడు. అతని పక్కన కొత్త ఆక్సిజన్ సీసా, సీటు బెల్టు పెట్టించుకుని మనిషిలా కూర్చుని ఉంది.

ముందుగా డాక్టర్ బ్లెడ్‌సో లేచి నిలబడింది. గడి తీసేశానంది. పై అనుమతి ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆగనంది. రెండేళ్ళ కిందటి ఊపిరులన్నీ గడి లేకుండా మళ్ళీ లెక్క కట్టించానని, వాటిలో చాలా పచ్చలు ఎర్రలయ్యాయని చెప్పింది. అందులో డీకన్ హోజియా ఉన్నాడు. ఆయన్ని ఆ ఉదయమే నడిపించి చూశారు. మందులో చేర్చుకున్నారు.

కమిటీలో తనూ ఉన్న డీకన్, వెర్లీన్ పక్కనే కూర్చుని, తల ఎత్తలేదు. వెర్లీన్ బల్ల కిందుగా ఆయన చెయ్యి అందుకుని నొక్కింది. మంచికబురు విన్నవాడి చెయ్యిలా లేదది.

తరవాత యూనివర్సిటీ నుంచి వచ్చిన సన్నపాటి ఆయన పెద్ద కాగితం మీద వాక్యం రాశాడు. జాతి అడ్డం రాకుండా, ఎవరికి ఎంత అవసరమో వారికి అంత వైద్యం అందడమే సమన్యాయం అని రాసి, అందరికేసీ చూశాడు. "అందడమా, అందించడమా?" అని ఒకరడిగారు. దాని మీద కాసేపు నడిచింది. డీకన్ హోజియా ఎప్పుడూ అయితే ఈపాటికి, చేపముక్కలు సమంగా వడ్డిస్తే నాకదే న్యాయం అని ఏదో ఒకటి అనేవాడు. ఇవాళ బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"మిస్ వెర్లీన్, మీరేమీ చెప్పలేదు" అన్నాడు సన్నపాటి ఆయన.

ఆమె కాగితాన్ని మెల్లగా, పెదాలు కదుపుతూ చదివింది. "బాగానే ఉంది. అందాలన్నారు. ఎప్పటికి?" అంది.

మార్కరు గాల్లో ఆగింది. కిటికీలోంచి చూస్తే ట్రక్కులో దీపం వెలుగుతోంది. డాక్టర్ బ్లెడ్‌సో ఒకసారి అటు చూసి, కళ్ళు దించుకుంది.

"నిజమే. 'సకాలంలో' అని చేర్చొచ్చు" అన్నాడు ఆయన. రాయబోయి ఆగాడు. "ఎక్కడ పెడదాం? 'అవసరం' అన్న మాటకి ముందా, 'వైద్యం'కి ముందా?"

ఒకరు ముందన్నారు. ఒకరు చివర్న ఉంటే బరువుగా ఉంటుందన్నారు. వెర్లీన్ లేచి వంటబల్ల దగ్గరికి పోయి, కాగితం పళ్ళెంలో రెండు వేయించిన చేపముక్కలు, ఒక మొక్కజొన్నరొట్టె పెట్టింది. ముళ్ళు ఉన్నాయేమోనని ముక్కలు విప్పి చూసింది. డీకన్ హోజియా వెనకే వచ్చాడు.

"గురువారం కుర్రోళ్ళు వస్తన్నారు, ఇంకా ఫౌండ్రీలో పనిచేస్తన్నోళ్ళు. నువ్వుంటేనే ఊదుతామన్నారు" అన్నాడు గొంతు తగ్గించి. "నిలబడమని నిన్నడగటానికి నాకు నోరు రావటం లేదు సిస్టర్."

"నిలబడతా."

"నిజంగానా?"

"ఇన్నాళ్ళూ మిషనుకి వీపు పెట్టి, మీ మొహాలు చూస్తా నిలబడ్డా, ఎవరు పడతారో అని. ఇక మీకు వీపు పెట్టి మిషన్ని చూస్తా నిలబడతా." పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించింది. "మీకు మీరే పట్టుకోండి పడకుండా."

బయటికొచ్చి ట్రక్కెక్కి, పళ్ళెం అతని ఒళ్ళో పెట్టింది. ముక్కులో గొట్టం పక్కకి జరిగితే సర్దింది.

"అయిందా మీటింగు?"

"లేదు. ఇంకా రాస్తన్నారు."

"ఇంకానా? ఏంటంట?"

"ఒక మాట దగ్గర ఆగింది."

ఓథా ఒక ముద్ద తిన్నాడు. నమిలి, మింగి, తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య అతను ఎంతో దూరం పోయి వస్తున్నట్టుంది. వెర్లీన్ తాళంచెవి తిప్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నెమ్మదిగా తిను" అంది. "నాకేం తొందర లేదు."